పెన్షన్ ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టండి అని నోటీసు వస్తే: మొదటి రోజు నుంచి చేయాల్సిన పనులు

రిటైరై ఏళ్లు గడిచాక పాత ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వస్తుంది. "మీకు ఇన్ని లక్షలు ఎక్కువ చెల్లించాం, 15 రోజుల్లో జమ చేయండి, లేదంటే పెన్షన్‌లో కోస్తాం" అని ఉంటుంది. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నుంచి, అటు మహారాష్ట్రలోని సిరోంచ, రాజురా, కిన్వట్ వైపు నుంచి ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ఆ ఉత్తరం చూడగానే కొందరు పరువు పోతుందని ఎఫ్‌డీ బ్రేక్ చేసి మర్నాడే కట్టేస్తారు. కొందరు "తప్పు వాళ్లది, నేనెందుకు కట్టాలి" అని సొరుగులో పడేసి మర్చిపోతారు. రెండూ వద్దు. ముందు లెక్క అడగాలి, అదీ కాగితం మీద.

## 1. నోటీసు అసలుదేనా చూడండి

డబ్బు తిరిగి అడిగే పని ఏ ఆఫీసూ వాట్సాప్‌లో చేయదు. "మీ పెన్షన్ ఎక్కువ పడింది, ఈ లింకు నొక్కి వాపసు చేయండి, లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఓటీపీ చెప్పేసినా, డబ్బు పంపేసినా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అసలు నోటీసు మీద ఆఫీసు పేరు, సంతకం చేసిన అధికారి హోదా, తేదీ, పంపిన నంబరు ఉంటాయి. ఒడిశా ఆఫీసుల కాగితాల మీద దాన్ని లెటర్ నంబరు లేదా మెమో నంబరు అంటారు, మహారాష్ట్ర కాగితాల మీద జావక్ నంబరు. అనుమానం ఉంటే ఆ నంబరు పట్టుకుని నేరుగా ఆఫీసుకే వెళ్లి అడగండి. ఉత్తరం మీద అచ్చయిన ఫోన్ నంబరును నమ్మకండి.

నిజమైనదే అని తేలాక ఈ మూడు పనులూ ఆ రోజే చేయండి:

- కవరు పారేయకండి. దాని మీది పోస్టల్ ముద్ర తేదీ తర్వాత సాక్ష్యం అవుతుంది.
- ఉత్తరం మూలలో "నాకు అందిన తేదీ" అని పెన్నుతో రాసి సంతకం పెట్టుకోండి. గడువు వాళ్లు రాసిన తేదీ నుంచి లెక్కా, మీకు అందిన తేదీ నుంచి లెక్కా అన్న పేచీ తప్పకుండా వస్తుంది.
- ఉత్తరం, కవరు రెండూ ఫొటో తీసి పిల్లలకు పంపండి.

## 2. భాష దగ్గర పప్పులో కాలేయకండి

మన సరిహద్దు ఊళ్లలో ఇదే పెద్ద చిక్కు. ఒడియా గానీ మరాఠీ గానీ మాట్లాడటం మనకు నీళ్లు తాగినంత తేలిక. ఆఫీసు భాష చదవడం వేరే సంగతి. తెలిసిన మాటలా కనిపించే మాటే ముంచుతుంది.

ఒడియా నోటీసులో "ఆదాయ" అని ఉంటే అది మన ఆదాయం కాదు, వసూలు. "అతిరిక్త" అంటే అదనంగా ఇచ్చింది. "కారణ దర్శాఅ" అంటే షోకాజ్, అంటే ఇంకా తుది ఉత్తర్వు కాదు, మీ మాట అడుగుతున్నారన్నమాట. తుది ఉత్తర్వుకీ షోకాజుకీ తేడా తెలియక, జవాబు రాసే అవకాశం చేజేతులా పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

మరాఠీలో "అతిప్రదాన" అంటే ఎక్కువ చెల్లింపు, "వసూలీ" మనకు తెలిసిందే. "ఖులాసా సాదర్ కరావా" అని ఉంటే కులాసాగా ఉండమని కాదు, సంజాయిషీ ఇవ్వమని. దాని పక్కనే ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ఉంటుంది, అది చూడండి.

చదివించుకునేటప్పుడు ఆఫీసు కాగితాలు అలవాటున్న మనిషి దగ్గరికి వెళ్లండి. రిటైరైన హెడ్‌క్లర్కు అయితే వకీలు కన్నా మేలు. ఫోన్లో ఫొటో తీసి అనువాదం చేసే యాప్ భావం చెబుతుంది గానీ నియమం నంబర్లు, తేదీలు తప్పుగా చూపించే ప్రమాదం ఉంది. వాటిని మూలంతో సరిచూడండి.

## 3. అడుగుతున్నది ఎవరు? తప్పు ఎక్కడ జరిగింది?

ఇది తేలకపోతే మీ జవాబు ఒకచోటికి, కోత ఇంకొకచోట నుంచి పోతుంటాయి. సాధారణంగా నాలుగు దారుల్లో ఈ నోటీసు వస్తుంది.

పాత ఆఫీసు లేదా అకౌంటెంట్ జనరల్ (ప్రభుత్వ లెక్కలు చూసే అధికారి). ఉద్యోగంలో ఉన్నప్పుడు పే ఫిక్సేషన్‌లో (జీతం ఖరారు చేయడంలో), ఇంక్రిమెంటులో, ఒడిశాలో ఆర్‌ఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా సర్వీసును బట్టి ఇచ్చే జీతం పెంపు) ఇవ్వడంలో పొరపాటు జరిగిందంటారు. జీతం ఎక్కువ, దాని మీద కట్టిన పెన్షన్ కూడా ఎక్కువ అన్నది వాళ్ల వాదన. మహారాష్ట్రలో వేతన పడతాళణీ పథక్ (జీతాల లెక్క సరిచూసే బృందం) సర్వీస్ బుక్కు చూసినప్పుడు ఈ అభ్యంతరాలు బయటపడతాయి.

పెన్షన్ ఇచ్చే బ్యాంకు. ఉద్యోగి పోయాక ఫ్యామిలీ పెన్షన్ కొన్నేళ్లు ఎక్కువ రేటులో ఇచ్చి తర్వాత మామూలు రేటుకు దించాలి. దించడం మర్చిపోతారు. లేదా డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) రెండుసార్లు వేస్తారు. లేదా కమ్యూట్ చేసిన (ముందుగానే ఒకేసారి డబ్బుగా తీసుకున్న) పెన్షన్ భాగాన్ని 15 ఏళ్లు నిండకముందే కలిపేస్తారు.

ఈపీఎఫ్‌వో (ప్రావిడెంట్ ఫండ్ సంస్థ). రాయగడ, బల్లార్‌పూర్ కాగితం మిల్లుల లాంటి చోట పనిచేసి ఈపీఎస్-95 (1995 ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ తీసుకుంటున్నవారికి ఇది వర్తిస్తుంది. 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2023 జనవరి 25న ఈపీఎఫ్‌వో ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2014 సెప్టెంబరు 1కి ముందు రిటైరై, ఆప్షన్ (యజమానితో కలిసి ఇవ్వాల్సిన సమ్మతి పత్రం) ఇవ్వకుండానే పూర్తి జీతం మీద ఎక్కువ పెన్షన్ పొందుతున్నవారి కేసులు మళ్లీ తెరిచి, 5,000 లేదా 6,500 రూపాయల సీలింగు (పరిమితి) జీతం లెక్కకు దించమని అందులో ఉంది. అయితే అదే సర్క్యులర్‌లో, దించేముందు పెన్షనరుకు నోటీసు ఇచ్చి, రిటైరయ్యేలోపే ఉమ్మడి ఆప్షన్ ఇచ్చానని నిరూపించుకునే అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. మీ దగ్గర ఆప్షన్ కాగితం నకలు ఉంటే అదే మీ ప్రాణం.

ప్రైవేటు కంపెనీ లేదా దాని ట్రస్టు. ఒకే మొత్తం రెండుసార్లు వేశామనో, సర్వీసు ఏళ్లు ఎక్కువ లెక్కగట్టామనో అంటారు. పొరపాటున అందిన డబ్బు తిరిగివ్వాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, నిజంగానే రెండుసార్లు పడి ఉంటే వాదన పెద్దగా నిలవదు. అప్పుడు మాట్లాడుకోవాల్సింది మొత్తం గురించి, వాయిదాల గురించి.

## 4. కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి

- పీపీవో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), దాని తర్వాత వచ్చిన ప్రతి సవరణ
- గ్రాట్యుటీ, కమ్యుటేషన్ ఉత్తర్వులు
- చివరి జీతం స్లిప్పు, ఎల్‌పీసీ (చివరి జీతం ధ్రువపత్రం)
- సర్వీస్ బుక్కు నకలు, కనీసం పే ఫిక్సేషన్ పేజీలు
- ప్రమోషన్, ఆర్‌ఏసీపీ లాంటి ఉత్తర్వులు
- బ్యాంకు పాస్‌బుక్కు లేదా స్టేట్‌మెంటు, వివాదంలో ఉన్న నెలలన్నిటికీ
- ఉద్యోగంలో ఉండగా గానీ పెన్షన్ మొదలైనప్పుడు గానీ సంతకం పెట్టిన అండర్‌టేకింగ్ నకలు
- ఫ్యామిలీ పెన్షన్ అయితే మరణ ధ్రువపత్రం, ఎక్కువ రేటు ఏ తేదీ వరకు అని రాసి ఉన్న పేజీ

ఈ జాబితాలో అండర్‌టేకింగ్‌ను తేలిగ్గా తీసుకోకండి. "పొరపాటున ఎక్కువ చెల్లిస్తే తిరిగి ఇస్తాను" అని పే కమిషన్ ఆప్షన్ ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మహారాష్ట్రలో హమీపత్ర అంటారు. చదవకుండానే అందరం సంతకం పెట్టాం. అది ఉందా లేదా అన్నదాని మీద కేసు నడిచే తీరే మారిపోతుంది.

సర్వీస్ బుక్కు ఇవ్వమంటే ఆఫీసు వెనకాడితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఒడిశా ప్రభుత్వ ఆఫీసులకైతే ఫారం-ఏ లోనే రాసి గుర్తింపు కార్డు నకలు జత చేయాలి, తెల్లకాగితం మీద రాస్తే తిప్పి పంపుతారు. మహారాష్ట్రలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలకు మించకుండా రాయాలి. "ఎందుకు ఇలా చేశారు" అని అడగకండి. "ఫలానా ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి.

## 5. లెక్క చేసి చూడండి

నోటీసులో ఒకే ఒక్క పెద్ద అంకె ఉంటుంది. దాన్ని నెలలుగా విడగొట్టందే అది ఒప్పో తప్పో ఎవరూ చెప్పలేరు.

పర్లాకిమిడిలో ఉంటున్న మా మేనత్తకు 2025 జనవరిలో ఇలాంటి ఉత్తరమే వచ్చింది. మామయ్య ఒక కేంద్ర ప్రభుత్వ శాఖలో చేసి పోయారు. ఫ్యామిలీ పెన్షన్ ఎక్కువ రేటు 15,000. 2022 జూలై 1 నుంచి మామూలు రేటు 9,000కి దిగాలి. దిగలేదు. నెలకు 6,000, దాని మీద డీఆర్, 2024 డిసెంబరు దాకా 30 నెలలు. నోటీసులో అడిగింది 2,75,400.

భోజనాల బల్ల మీద పాస్‌బుక్కు పరిచి, ఆ 30 నెలలనూ డీఆర్ రేటు ప్రకారం ముక్కలు చేశాం:

- 2022 జూలై నుంచి డిసెంబరు, డీఆర్ 38 శాతం: నెలకు 8,280, 6 నెలలకు 49,680
- 2023 జనవరి నుంచి జూన్, 42 శాతం: నెలకు 8,520, మొత్తం 51,120
- 2023 జూలై నుంచి డిసెంబరు, 46 శాతం: నెలకు 8,760, మొత్తం 52,560
- 2024 జనవరి నుంచి జూన్, 50 శాతం: నెలకు 9,000, మొత్తం 54,000
- 2024 జూలై నుంచి డిసెంబరు, 53 శాతం: నెలకు 9,180, మొత్తం 55,080

కూడితే 2,62,440. నోటీసులో 12,960 ఎక్కువ ఉంది. ఎలా? చివరి రేటు 53 శాతాన్నే 30 నెలలకూ వేసి గుణించేశారు. 9,180ని 30తో గుణించండి, సరిగ్గా 2,75,400 వస్తుంది. కంప్యూటర్ వేసిన లెక్క కదా అని అత్త మొదట నా మాట నమ్మలేదు.

లెక్కలో వెతకాల్సినవి:

- డీఆర్ ఏ నెలకు ఆ నెల రేటే వేశారా
- మొదటి నెల, చివరి నెల సరైనవేనా
- అసలు మీకు అందని నెలలు (పెన్షన్ ఆగిన నెలలు) కలిపేశారా
- అదే సమయంలో మీకు రావాల్సిన అరియర్స్ తీసేశారా. ఒక తప్పు బయటపడిందంటే ఇంకోవైపు మీకు తక్కువ ఇచ్చిన తప్పు కూడా ఉండవచ్చు.
- ఇదివరకే కోసినది మినహాయించారా
- పన్ను పోగా చేతికొచ్చినది అడుగుతున్నారా, పన్నుతో కలిపినదా
- వడ్డీ వేశారా, వేస్తే ఏ నియమం కింద

## 6. జవాబు రాయండి

గడువు లోపల తప్పకుండా వెళ్లాలి, పూర్తి జవాబు సిద్ధంగా లేకపోయినా సరే. మొదటి ఉత్తరం చిన్నగా ఉంటే చాలు. ఈ కింది మాటలనే ఇంగ్లీషులో గానీ ఒడియా, మరాఠీల్లో గానీ రాయించండి:

*విషయం: ___ తేదీ, ___ నంబరు గల మీ ఉత్తరం.*

*పై ఉత్తరం నాకు ___ తేదీన అందింది. అందులో అడిగిన మొత్తాన్ని నేను ఒప్పుకోవడం లేదు. ఎక్కువ చెల్లింపు ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ నియమానికి విరుద్ధంగా, ఎవరి పొరపాటు వల్ల జరిగిందో తెలిపే నెలవారీ పట్టికను, ఆడిట్ అభ్యంతరం నకలును, సర్వీస్ బుక్కులోని సంబంధిత పేజీల నకళ్లను ఇప్పించగలరు. నేను ఏ తప్పుడు సమాచారమూ ఇవ్వలేదు, ఏదీ దాచలేదు. ఆ కాగితాలు అందాక జవాబు ఇచ్చుకోవడానికి 30 రోజుల గడువు, స్వయంగా హాజరై చెప్పుకునే అవకాశం ఇవ్వగలరు. అంతవరకు నా పెన్షన్‌లో ఎలాంటి కోతా పెట్టవద్దని కోరుతున్నాను.*

"ఏదీ దాచలేదు" అన్న వాక్యం నిజమైతేనే రాయండి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటూ మళ్లీ పెళ్లి చేసుకున్న సంగతో, పిల్లలకు ఉద్యోగం వచ్చిన సంగతో చెప్పకుండా ఉండి ఉంటే ఆ వాక్యమే మీ మెడకు చుట్టుకుంటుంది. అలాంటి కేసు వేరు, నేరుగా 9వ భాగానికి వెళ్లండి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. "పొరపాటు జరిగింది, దయచేసి క్షమించండి" అని రాయకండి, అది ఒప్పుకున్నట్టే. "ఎక్కువ పడుతోందని నాకూ అనుమానంగానే ఉండేది" అని అమాయకంగా రాసేవాళ్లున్నారు. తిట్లు, ఆఫీసరు మీద ఆరోపణలు కూడా వద్దు. ఆరోగ్యం, మందుల ఖర్చు, ఇంట్లో సంపాదించేవారు లేకపోవడం మాత్రం రాయండి, అవి తర్వాత పనికొస్తాయి.

ఉత్తరం చేత్తో ఇస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు, డెలివరీ రుజువుతో. పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది కాబట్టి కౌంటరులో అలాగే అడగండి. ఒక కాపీ పాత ఆఫీసుకు, ఒకటి పెన్షన్ మంజూరు చేసిన అధికారికి, ఒకటి బ్యాంకుకు లేదా ట్రెజరీకి పంపండి.

ఈలోగా ఆఫీసువాళ్లు పిలిచి "ఊరికే ఫార్మాలిటీ, ఇక్కడ సంతకం పెట్టండి" అంటే పెట్టకండి. ఆ కాగితం వాయిదాల ఒప్పుకోలు అయి ఉంటుంది. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుని వస్తానని చెప్పండి.

## 7. చట్టం మీ వైపు ఎంతవరకు ఉంది

2014 డిసెంబరు 18న సుప్రీంకోర్టు పంజాబ్ రాష్ట్రం, రఫీక్ మసీ కేసులో ప్రభుత్వాలు ఏయే సందర్భాల్లో డబ్బు తిరిగి వసూలు చేయకూడదో చెప్పింది:

- గ్రూప్ సీ, గ్రూప్ డీ ఉద్యోగుల నుంచి
- రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి
- వసూలు ఉత్తర్వుకు ముందు 5 ఏళ్లకు మించి ఎక్కువ చెల్లింపు జరిగి ఉంటే
- పై పోస్టు పని చేయించుకుని ఆ జీతం ఇచ్చి ఉంటే
- వసూలు చేయడం మరీ అన్యాయం, కఠినం అని కోర్టుకు తోస్తే

కేంద్రం దీన్ని అమలు చేయమని 2016 మార్చి 2న ఉత్తర్వు ఇచ్చింది. మీ జవాబులో ఈ తీర్పు పేరు, మీకు వర్తించే అంశం రాయండి.

ఒడిశావారికి ఇంకా దగ్గరి తీర్పు ఉంది. 2025 ఏప్రిల్ 4న జోగేశ్వర్ సాహు కేసులో సుప్రీంకోర్టు, కటక్ జిల్లా కోర్టులో పనిచేసి రిటైరైన స్టెనోగ్రాఫర్లు, పర్సనల్ అసిస్టెంట్ల నుంచి వసూలును కొట్టేసింది. వాళ్లు రిటైరై 3 ఏళ్లు, ఆ డబ్బు అంది 6 ఏళ్లు గడిచాక, వాళ్ల మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చారు. అంతకుముందు 2022 మే 2న థామస్ డేనియల్ కేసులో కేరళకు చెందిన రిటైర్డ్ టీచరుకూ ఇలాగే ఊరట దొరికింది. ఉద్యోగి మోసం చేయలేదు, నియమం తప్పుగా చదివింది శాఖే అన్నది దాని సారం.

ఇక మీకు నచ్చని సంగతి. 2016 జూలై 29న జగ్‌దేవ్ సింగ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు, తిరిగి ఇస్తానని అండర్‌టేకింగ్ ఇచ్చినవారు దానికి కట్టుబడాలంది. ఆ కేసులో ఉన్నది న్యాయాధికారి. క్లర్కు, ప్యూను, టీచరు స్థాయివారికి దాన్ని ఎంతవరకు వర్తింపజేయాలన్నది కేసును బట్టి మారుతోంది. అందుకే మీ సంతకం ఎక్కడ ఉందో ముందే చూసుకోమన్నాను.

కేంద్ర పెన్షనర్లకు ఇంకో రక్షణ ఉంది. 2021 పెన్షన్ నియమాల్లో 66వ నియమం ప్రకారం ఒకసారి ఖరారైన పెన్షన్‌ను రాతలో దొర్లిన తప్పు (క్లరికల్ ఎర్రర్) బయటపడితే తప్ప తగ్గించకూడదు. ఖరారై 2 ఏళ్లు దాటాక ఆ తప్పు కనిపెడితే పెన్షన్ శాఖ అనుమతి కావాలి. ఆ అనుమతి నకలు చూపించమని అడగండి.

ఒక తేడా గుర్తుంచుకోండి. పాత డబ్బు వసూలు ఆగినా, ఇకముందు పెన్షన్ సరైన రేటుకు దిగుతుంది. దాన్ని ఆపడానికి ఈ తీర్పులు పనికిరావు. "కోర్టులో గెలిచాం, అయినా పెన్షన్ తగ్గింది" అని బాధపడేవారి గొడవ ఇదే.

## 8. చెప్పాపెట్టకుండా కోత మొదలైతే

మా అత్తకు అదే జరిగింది. మేం ఉత్తరం పంపేలోపే ఫిబ్రవరి పెన్షన్‌లో 4,590 కోసేశారు. 13,770లో సరిగ్గా మూడో వంతు. ఆ నెల మందుల షాపులో ఖాతా పెట్టింది.

ఇలా చేయండి:

1. ఆ నెల స్టేట్‌మెంటు తీసి, కోత పడిన వరుస కింద గీత గీయండి.
2. బ్యాంకు మేనేజరుకు రాతపూర్వకంగా అడగండి: ఎవరి ఉత్తర్వు మీద కోశారు, దాని నకలు ఇవ్వండి అని. బ్యాంకు తనంతట తాను పెన్షన్ తగ్గించే అధికారి కాదు. 2020లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, ఒక రిటైర్డ్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉద్యోగి కేసులో ఇదే చెప్పి, కోసింది తిరిగి ఇప్పించడమే కాక బ్యాంకు మీద 50,000 రూపాయల ఖర్చులు వేసింది.
3. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. ఆన్‌లైన్‌లో ఉచితం, సాయానికి 14448.
4. ఇతర దారులు: కేంద్ర పెన్షనర్లు సీపెన్‌గ్రామ్స్‌లో (కేంద్ర పెన్షన్ ఫిర్యాదుల పోర్టల్), ఈపీఎస్ పెన్షనర్లు ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో (ఈపీఎఫ్‌వో ఫిర్యాదుల పోర్టల్) ఫిర్యాదు పెట్టవచ్చు. ఈపీఎఫ్‌వో ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" శిబిరం పెడుతుంది. బరంపురం ఆఫీసు దాకా వెళ్లలేనివారు శిబిరం ఎక్కడో కనుక్కుని అక్కడే కాగితాలు ఇవ్వండి.

వీటితో కోత ఆగకపోతే మిగిలింది కోర్టే. ఒడిశా రాష్ట్ర ఉద్యోగులకు 2019లో అక్కడి ట్రైబ్యునల్ (ఉద్యోగుల కేసులు వినే ప్రత్యేక న్యాయస్థానం) రద్దయింది, ఇప్పుడు నేరుగా కటక్ హైకోర్టు. 2023 నుంచి జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలు కూడా వచ్చాయి, మీ వకీలును అడగండి, ప్రతి వాయిదాకూ కటక్ రైలెక్కక్కర్లేదు. మహారాష్ట్ర రాష్ట్ర ఉద్యోగులకు ట్రైబ్యునల్ ఉంది: గడ్చిరోలి, చంద్రపూర్ వారికి నాగపూర్, నాందేడ్ వైపు వారికి ఔరంగాబాద్ బెంచ్. ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. కేంద్ర ఉద్యోగులకు క్యాట్ (కేంద్ర ట్రైబ్యునల్), గడువు అదే. ప్రైవేటు కంపెనీ అయితే మామూలుగా కోర్టుకెళ్లాల్సింది వాళ్లే, వాళ్లు నోటీసు పంపినంత మాత్రాన మీ ఖాతాలో చెయ్యి పెట్టలేరు.

వకీలు ఫీజు దగ్గర ఆగిపోకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్లందరూ ఇందులోకే వస్తారు, అయినా అడిగేవాళ్లు తక్కువ.

## 9. కట్టక తప్పని సందర్భాలు

అన్ని నోటీసులూ అన్యాయమైనవి కావు. పెన్షనరు పోయాక ఖాతాలో పడిన నెలల డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. మీరు చెప్పాల్సిన సంగతి చెప్పకపోవడం వల్ల ఎక్కువ పడి ఉంటే కోర్టు కూడా కరుణించదు. రిటైరైన తండ్రి బాకీ అని వారసుల మీదికి వస్తే మాత్రం, ఆయన వదిలిన ఆస్తి వరకే బాధ్యత, మీ సొంత జీతం నుంచి కాదు.

మా అత్త కేసులో తప్పు బ్యాంకుదే. కోర్టుకు వెళ్తే గెలిచే అవకాశం ఉందని నేను అన్నాను. "ఈ వయసులో నాకు ఆ టెన్షన్ వద్దురా" అంది. వెళ్లి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కాకపోతే లెక్క తప్పు చూపించాక మొత్తం 2,62,440కి తగ్గింది, కోత నెలకు 3,000కి దిగింది. 4,590 కోతకూ 3,000 కోతకూ మధ్య ఆవిడ మందుల ఖర్చు ఉంది.

కట్టడానికి ఒప్పుకుంటే ఈ షరతులు రాయించుకోండి:

- సరిచేసిన మొత్తం, వడ్డీ లేదని స్పష్టంగా
- నెలకు ఎంత, ఎన్ని నెలలు, ఆఖరి వాయిదా ఏ నెల
- ఇప్పటికే కోసినది అందులో కలిసిందని
- గ్రాట్యుటీ, అరియర్స్ ఏవైనా రావాల్సి ఉంటే వాటి సంగతి

ఒకేసారి కట్టాలనుకుంటే నగదు ఇవ్వకండి. చెక్కు గానీ ఖాతా బదిలీ గానీ చేసి, ఏ ఉత్తర్వు కింద కట్టారో రసీదు మీద రాయించండి. పాత ఏళ్లలో ఆ డబ్బు మీద పన్ను కట్టి ఉంటే, కట్టేముందే ఒక సీఏను కలవండి. వాయిదాల్లో పెన్షన్ నుంచే కోయించుకుంటే పన్ను కోత (టీడీఎస్) సర్టిఫికెట్‌లో ఆ కోత ఎలా చూపించారో ప్రతి ఏడాదీ చూసుకోండి.

## 10. వాయిదాలు నడుస్తున్నప్పుడు

చాలామంది ఇక్కడ వదిలేస్తారు. కోత మొదలుపెట్టడం గుర్తున్నంతగా ఆపడం ఆఫీసుకు గుర్తుండదు. బ్రాంచి మారినా, పెన్షన్ వేరే ప్రాసెసింగ్ కేంద్రానికి మారినా ఇంతవరకు కోసిన లెక్క పోతుంది, మొదటి నుంచి మొదలవుతుంది.

కాబట్టి ఒక పట్టిక పెట్టుకోండి: నెల, కోత, మిగిలిన బాకీ. ఏడాదికోసారి, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి నవంబరులో బ్యాంకుకు వెళ్లినప్పుడే, మిగిలిన బాకీ ఎంతో ముద్ర వేయించుకోండి. ఆఖరి వాయిదాకు రెండు నెలల ముందే కోత ఆపమని ఉత్తరం ఇవ్వండి. అయిపోయాక బాకీ లేదన్న కాగితం తీసుకుని పీపీవోతో కలిపి పెట్టండి.

మా అత్త వంటింటి క్యాలెండరు మీద ప్రతి నెలా 3,000 తీసేసి మిగిలింది పెన్సిల్‌తో రాస్తుంది. ఒక నెల రెండుసార్లు కోత పడింది. మర్నాడు పొద్దున్నే బ్యాంకు షట్టరు లేచేసరికి ఆ క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని గుమ్మంలో ఉంది. వారంలో ఆ 3,000 తిరిగి పడింది.